చేసుకున్న పక్షంలో

హర్యా నాయక్ తీర్పు చెప్పేముందు బీడీ ఆర్పి, మిగిలిన ముక్కను చెవి మీద పెట్టుకుంటాడు. ఆ ఉదయం ఆర్పాడు, చెవి మీద పెట్టుకున్నాడు, మళ్లీ తీసి ముట్టించాడు. డెబ్బై దాటిన ఆ పెద్దమనిషి అలా తడబడటం తండాలో ఎవరూ చూసి ఎరగరు.

ఎదురుగా నులకమంచం మీద గేమ్యా, అతని తరఫున మాట్లాడటానికి కోదాడ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. గేమ్యా సాగర్ ఎడమ కాలువ మీద లస్కరు. తూముల ఇనుప తలుపులు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. నాలుగేళ్లు ఈ తండా పక్కనే పనిచేసి, కిందటి ఏడు బదిలీ మీద అనంతగిరి వైపు వెళ్లాడు. భార్య పోయి చాలా కాలమైంది. పెద్దలు వచ్చిన పనిని చుట్టు తిప్పకుండా చెప్పారు: గౌరీబాయిని అతని ఇంటికి పంపాలి.

"నీకిష్టమేనా?" అన్నాడు నాయక్.

గౌరీబాయి అప్పుడే వరికోత నుంచి వచ్చి గోడవారగా నిలబడింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. మోచేతుల దాకా అంటిన నూగును దులుపుకుంటూ, "ఇష్టమే కాకా," అంది.

భర్త పోయిన స్త్రీ మరొక ఇంటికి వెళ్లడం తండాలో వింత కాదు, తలవంపులు అంతకంటే కాదు. నాయక్ ముందు నలుగురూ కూర్చుంటారు, పాత ఇంటివాళ్ల మాట వింటారు, నాయక్ విడుపు చెబుతాడు. ఆ పూటే కొత్త బట్టలు. పన్నెండేళ్ల కిందట ఇదే వాకిట్లో, ఇదే నాయక్, ఒక్క పూటలో ఆమెను మొదటి భర్త ఇంటివాళ్ల నుంచి విడిపించి హన్మా ఇంటికి పంపాడు. హన్మా అప్పటికి మాజీ ఎమ్మెల్యే, భార్య పోయినవాడు, నెలనెలా పింఛను తీసుకుంటున్నవాడు. మళ్లీ పెళ్లి చేసుకుంటున్నావా అని ఆయనను ఏ కాగితమూ అడగలేదు. ఆయన పోయిన తరువాత ఆ పింఛనే గౌరీబాయి పేరుకు మారింది.

"అప్పుడు నువ్వు మాదానివి. అందుకే నేను విడిచిన," అన్నాడు హర్యా నాయక్. "ఇప్పుడు సర్కారు మనిషివి."

"నేనెట్ల సర్కారు మనిషిని?"

"ఏటేట కాయితం మీద ఏలిముద్ర ఏస్తలేవా? ఆరుసార్లు ఏసినవ్. ఆ కాయితం మిర్యాలగూడ పోయి సర్కారు పెట్టెల కూసుంటున్నది. నీ ఏలు వాళ్ల దగ్గరుండంగ నేను విడుస్తే సెల్లుతదా? వాళ్లే విడువాలె."

గేమ్యా గొంతు సవరించుకున్నాడు. "సర్కారు ఏ గల్లీల ఉంటదో చెప్పు నాయకా. నేనే పోయి కాళ్లు పట్టుకుంట."

మంచం మీది పెద్దలు నవ్వారు. హర్యా నాయక్ నవ్వలేదు. "నువ్వు పోతే ఏం ఫాయిదా? ఏలు ఇచ్చిన మనిషి పోవాలె. ఎవలు పైసలిస్తున్నరో వాళ్లనే అడగాలె. గౌరీ, పోయి విడుపు తెచ్చుకో. నువ్వు తెచ్చిన పూటే నేను బట్టలు పెట్టిస్త."

అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. గౌరీబాయికి కూడా కనిపించలేదు. హన్మా ఇంటికి రావడానికి విడుపు కావలసి వచ్చింది, హన్మా పింఛను నుంచి వెళ్లడానికీ విడుపు కావాలి. ఆమె కొడవలిని చూరులో దోపి, మరునాటి బస్సుకు ఎవరి దగ్గర చిల్లర అడగాలా అని ఆలోచించింది.

*

పింఛను కచేరీకి ఆమె ఎప్పుడూ తెల్ల మిల్లు చీరలో, సవతి కొడుకు సేవ్యా వెంట వచ్చేది. అలా వచ్చినప్పుడు ఎవరో ఒకరు కుర్చీ జరిపేవారు. ఈసారి అద్దాల రవికతో, ఒంటరిగా వచ్చింది. కిటికీ దగ్గర వరుసలో నిలబడితే ముందున్న రిటైరైన పంతులు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "కూలీ పైసలు ఇచ్చేది గీడ గాదు," అన్నాడు.

"నాకు ఎరికనే," అంది గౌరీబాయి.

వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. కిటికీ అవతల హెడ్ గుమాస్తా లక్ష్మయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు. పేరు చెప్పగానే గుర్తుపట్టి లోపలికి పిలిచాడు. చదువుకున్నవాళ్ల వాసన వేసే గది అది: జిగురు, లక్క, పాత కాగితం.

"అబ్బాయి రాలేదా అమ్మా? ఈ ఏటి కాయితం ఇంక అందలే."

"నేనే వచ్చిన సారూ. నన్ను విడువున్రి."

లక్ష్మయ్యకు అర్థం కాలేదు. ఆమె రెండోసారి చెప్పింది, ఈసారి గేమ్యా పేరు, కాలువ ఉద్యోగం, హర్యా నాయక్ పెట్టిన షరతు అన్నీ కలిపి, కోర్టులో సాక్షి చెప్పినంత క్రమంగా చెప్పింది. పక్క బల్లల మీద కలాలు ఆగాయి. మూలనుంచి ఒకడు, "పెండ్లికి మనం పర్మిషన్ ఇచ్చుడు షురూ చేస్తే బయట లైను హైదరాబాద్ దాకా ఉంటది సార్," అన్నాడు. గది గదంతా నవ్వింది.

గౌరీబాయి నవ్వు తగ్గేదాకా ఆగింది. పొలం గట్టు మీద వాన వెలిసేదాకా ఆగినట్టు ఆగింది.

లక్ష్మయ్య చెడ్డవాడు కాదు. మూలవాడిని కసిరి, ఆమె వైపు తిరిగాడు. "సూడమ్మా. విడుపు కాయితం అనేది మా తాన లేదు. అసెంబ్లీ ఆఫీసు నుంచి మాకు ఆర్డరొస్తది, ఫలానా ఎమ్మెల్యే గారి భార్యకు ఇయ్యిమని. మేమిస్తం. ఏటా మాకు రెండే ముచ్చట్లు గావాలె. నువ్వు బతికున్నవా, మల్ల పెండ్లి గిట్ల చేసుకున్నవా. గంతే."

"పెండ్లి ముచ్చట మీరెప్పుడు అడిగిన్రు?"

"ఏటేట అడుగుతనే ఉన్నం. నువ్వు చేసుకోలేదని చెప్తనే ఉన్నవ్. నీ ఏలిముద్ర పైన రాసి ఉంటది గద."

గౌరీబాయి తన కుడిచేతి బొటనవేలి వైపు చూసుకుంది. ఆరేళ్లుగా ఆమె ఆ కాగితాన్ని బతికున్న కాయితం అనుకుంది. సేవ్యా కూడా అదే పేరుతో చెప్పాడు. బతికే ఉంది కాబట్టి వేలు పెట్టింది. తన నోటితో ఎవరూ ఏమీ అనిపించకుండానే, తాను మగదిక్కు లేకుండా ఉన్నానని ఆరుసార్లు సర్కారుకు హామీ ఇచ్చిందన్నమాట. హన్మా బతికి ఉన్నప్పుడు ఆయనకూ ఏటా ఒక కాగితం ఉండేది. అందులో ఒక్కటే ప్రశ్న, ఉన్నావా అని. ఉన్నాను అనేవాడు. ఎవరితో ఉన్నావని సర్కారు ఆయనను అడగలేదు.

"చేసుకుంటే ఏమైతది సారూ?"

లక్ష్మయ్య నోరు తెరిచాడు. అంతలో బ్యాంకు నుంచి మనిషి వచ్చాడని బయటినుంచి కేక వేశారు. ఆయన లేస్తూ, తాళాల గుత్తి వెతుక్కుంటూ, "చేసుకుంటే రూల్ ఉంటది. రూల్ ప్రకారం అయితది," అన్నాడు. "ముందుగాల అబ్బాయిని కాయితం తెమ్మను. నవంబరు దాటనియ్యకు."

రూల్ అనే మాటను గౌరీబాయి ఆ వారంలో చాలాసార్లు తలుచుకుంది. అది ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఊళ్లోకి పోలీసు జీపు వచ్చినప్పుడు పెద్దవాళ్ల నోట మాత్రం విన్నది.

*

సేవ్యా దుకాణం సూర్యాపేటలో ఉంది. పురుగుమందులు, విత్తనాలు అమ్ముతాడు. గల్లా పైన హన్మా ఫొటో, ఫొటోకు ప్లాస్టిక్ పూలదండ, దాని కింద 'మాజీ శాసనసభ్యులు' అని ఎర్ర అక్షరాలు. దుకాణానికి వచ్చిన రైతు ముందు ఆ ఫొటోకు దండం పెట్టి, తరువాత అప్పు అడుగుతాడు.

"యాడీ!" అంటూ సేవ్యా లేచాడు. తమ భాషలో అమ్మ అన్నమాట. ఆమెకంటే ఎనిమిదేళ్లే చిన్నవాడైనా మొదటి రోజు నుంచీ అలాగే పిలిచాడు. అందులో ఎప్పుడూ లోటు చేయలేదు. "గిట్ల ఎండల పడి ఒక్కదానివే వస్తివేంది? కబురు పెడితే నేనే వస్తుంటి గద." సాసరుతో సహా టీ తెప్పించాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

ఆమె చెప్పింది. సేవ్యా వింటూ వింటూ లేచి, బీరువాలోని సీసాలను ఒకదాని పక్కన ఒకటి, పేర్లు బయటికి కనిపించేలా సర్దటం మొదలుపెట్టాడు. ఒక వరుస పూర్తయింది. రెండో వరుస పూర్తయింది. చేతికి పని ఉన్నంతసేపు కోపం కనిపించకుండా ఉంటుందని అతనికి తెలుసు.

"ఎవలు, ఆ తూముల కాడ ఉండే లస్కరు గాడా?"

"గాడు అనకు."

"సరే. లస్కరు. బాపు ఎవలు యాడీ? అసెంబ్లీల నిలబడి మన తండాలకు బడి అడిగిన మనిషి. ఆయన పెండ్లాం పోయి లస్కరు క్వార్టర్ల వండిపెడ్తదా?"

"మీ బాపు ఎమ్మెల్యే. నేను గాదు."

సేవ్యా గొంతు తగ్గించాడు. "నేను అసలు చెప్పొద్దనుకున్న. కని వినకపోతివి. ఎమ్మెల్యే పెన్షన్ తినే ఆడిది మల్ల పెండ్లి చేసుకుంటే కేసు అయితది. ఆరేండ్లు తిన్నదంత కక్కుమంటరు. కక్కకపోతే జైలు. నువ్వొక్కదానివే గాదు. ఆయన గవుర్మెంటు నౌకరి చేస్తుండు. ఆయన నౌకరి ఖతం. కాయితం తెచ్చింది నేను, నేను గూడ లోపటికే."

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరో చెప్పుడేంది? చట్టం!"

ఈ చట్టాన్ని అతను ఎక్కడా చదవలేదు. ఆ క్షణాన అవసరమై పుట్టించాడు, పుట్టించిన తరువాత తానే సగం నమ్మాడు. పింఛను పుస్తకం అతని గల్లాలో ఉంటుంది. అందులోంచి తండాకు కొంత పంపుతాడు, మిగిలినది దుకాణంలో కలుస్తుంది. కాని అతని గుబులు ఆ డబ్బు ఒక్కటే అనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. ఏటా నవంబరులో, యాడిని వెంటబెట్టుకుని సర్కారు కచేరీ మెట్లు ఎక్కే ఆ ఒక్క పూట, అతను ఇంకా ఎమ్మెల్యే కొడుకే.

"సోమారం త్రిపురారం పశువుల దవాఖానకు రా," అన్నాడు. "పాత డాక్టరు బదిలీ అయిండు. కొత్త డాక్టరమ్మ వచ్చిందంట. ఆమెతోటి సంతకం పెట్టిచ్చి నేనే ఇచ్చొస్త. నువ్వు ఏలు ఏస్తే చాలు."

మనిషి బతికి ఉందని రాసి సంతకం చేయడానికి సర్కారు ముద్ర ఉన్న అధికారి ఎవరైనా ఒకరు కావాలి. ఆ చుట్టుపక్కల అలాంటి అధికారి పశువుల డాక్టరు ఒక్కడే. ఆరేళ్లుగా గౌరీబాయి ప్రాణాన్నీ శీలాన్నీ ధ్రువపరుస్తూ వచ్చింది ఆయనే. అదీ టీ తాగుతూ, ఆమె ముఖం కూడా చూడకుండా.

*

సూర్యాపేట నుంచి ఇంటి బస్సు ఎక్కవలసింది, కోదాడ బస్సు ఎక్కింది. చెప్పవలసిన మాటను కబురు పంపడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

గేమ్యా అనంతగిరి దాటాక పిల్లకాలువ తూము మీద ఉన్నాడు. ఇనుప చక్రం మీద రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా మోపి తిప్పుతున్నాడు. అర చుట్టు తిరిగేసరికి ఆగి, మరలో గ్రీజు రాసి, మళ్లీ పట్టుకుంటున్నాడు. కింద నీళ్లు తలుపు సందులోంచి పిండినట్టు వస్తున్నాయి. గట్టు మీద ఒక రైతు చేతులు కట్టుకుని, "ఇంకాస్త ఎత్తు గేమ్యా, నీకు పుణ్యముంటది," అంటున్నాడు.

"పుణ్యం కింది రైతులకు ఇయ్యాలె గదా. వాళ్లు గూడ అడిగిన్రు," అన్నాడు గేమ్యా. అప్పుడు ఆమెను చూశాడు. ముఖమంతా విప్పారింది. ఆమె ముఖం చూశాక సర్దుకుంది.

రైతు వెళ్లేదాకా ఆగి ఆమె అంతా చెప్పింది. అతను చక్రానికి చేయి ఆన్చి విన్నాడు.

"జైలా?" అన్నాడు చివరికి. "ఏ జైలు? నల్లగొండదా? అది కాలువ మీద లేదే. ట్రాన్స్‌ఫర్ దొరకదు నాకు."

"నవ్వకు గేమ్యా."

"నవ్వుతలేను. రొట్టె ఎట్ల అందియ్యాల్నా అని సోచాయిస్తున్న."

ఆమె నవ్వలేదు. గట్టు మీద కూర్చుని, కాళ్ల దగ్గరి గడ్డిని ఒక్కొక్క పోచ తీస్తూ, "నా కోసం అయితే భయపడను," అంది. "నీ నౌకరి పోతది. ఇన్నేండ్ల నౌకరి. సేవ్యాను గూడ లోపలేస్తరంట. సోమారం ఏలు ఏసొస్త. నువ్వు ఇంకెవలనన్న సూసుకో."

గేమ్యా గ్రీజు చేతులను గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. గోళ్ల సందుల్లోంచి కూడా తీశాడు. "ఇంకెవలనో సూసుకునేది అయితే ఈ వయసుల నేను మంచం మీద కూసోని ముగ్గురి ముందు సిగ్గిడుస్తనా?" అన్నాడు. "సర్లే. సర్కారు వద్దంటే నేనేం జేస్త? నేను గూడ సర్కారు మనిషినే. మా సారు మూయమంటే మూస్త, ఎత్తమంటే ఎత్తుత."

ఆమెను బస్సు దాకా సైకిలు మీద దింపాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి ఒక పొట్లం అందించాడు. వేయించిన పల్లీలు. ఆమె మిర్యాలగూడ దాకా పొట్లం విప్పలేదు. అక్కడ దిగి బస్టాండులో మొత్తం తినేసింది, ఏడవకుండా ఉండటానికి.

*

సోమవారం పశువుల దవాఖాన ముందు ఏడెనిమిది గేదెలు, నాలుగు మేకలు, ఒక కుంటుతున్న ఎద్దు ఉన్నాయి. కొత్త డాక్టరు కోదాడ వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు. ఒక గేదెను ఇనుప చట్రంలో నిలబెట్టి, వెనకనుంచి లోపలికి చేయి పెట్టి, కళ్లు సగం మూసుకుని వెతుకుతున్నది. "మూడో నెలండి," అని రైతుకు చెప్పింది. అతను గేదె మెడ మీద తట్టాడు. ఆమె తొడుగు తీసేసి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చింది.

సేవ్యా అప్పటికే అన్నీ సిద్ధం చేశాడు. బల్ల మీద కాగితం పరిచాడు, పెన్ను మూత తీసిపెట్టాడు, ముద్రల డబ్బా తెరిచి గౌరీబాయి బొటనవేలికి సిరా కూడా అద్దించాడు. ఆమె తెల్ల చీరలో, వేలిని పైకి ఎత్తి పట్టుకుని నిలబడింది, ఎక్కడా అంటకుండా.

"చిన్న సంతకం మేడం. మా అమ్మది. పాత డాక్టరుసాబు ఏటేట పెడుతుండె."

"ఏంటండి ఇది?"

"గదే, పెన్షన్ కాయితం. మామూలుదే."

"చదవాలి కదండి."

"మాట మీదనే పెడుతుండె ఆయన."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది. "లోపల చెయ్యి పెట్టి చూడకుండా నేను గేదెకైనా చూలు అని రాయనండి. మీ అమ్మగారికి రాయమంటారా?" వరుసలో ఉన్న మేకలామె పక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు గౌరీబాయి వైపు తిరిగింది. "మీకు చదవటం వచ్చా అమ్మా?"

"రాదు."

"అయితే నేను చదువుతాను, వినండి. నిజమైతేనే వేలు వెయ్యండి."

ఆమె చదివింది. మొదటి భాగం సులభంగా గడిచింది. ఫలానా మాజీ శాసనసభ్యుని భార్య ఫలానా ఈ దినమున నా ఎదుట సజీవురాలై యున్నదని. రెండో భాగాన్ని కొంచెం నెమ్మదిగా చదివింది. "'నేను తిరిగి వివాహము చేసుకొనలేదనియు, చేసుకున్న పక్షంలో ఆ విషయమును వెంటనే ఈ కార్యాలయమునకు తెలియజేయగలననియు ఇందుమూలముగా ప్రకటించుచున్నాను.'"

"ఎండిపోతది, ఏలు ఏయి యాడీ," అన్నాడు సేవ్యా.

"ఆగు." గౌరీబాయి బల్ల మీదికి వంగింది. తనకు చదవరాని ఆ అక్షరాల్లో ఆ మాట ఎక్కడుందో వెతుకుతున్నట్టు చూసింది. "చేసుకున్న పక్షంలో అంటే ఏంది డాక్టరమ్మా?"

"ఒకవేళ చేసుకుంటే, అని."

"అట్లని మీరు చెప్తున్నరా, గీడ రాసుందా?"

"ఇక్కడే ఉంది. అచ్చేసి ఉంది."

"సర్కారే అచ్చేసిందా?"

"సర్కారేనండి."

చట్రంలోంచి విడిపించిన గేదె తోక ఊపుకుంటూ వాకిలి దాటి పోయింది. "ఐతే చేసుకోవచ్చన్నట్టా?"

"చేసుకోవద్దని ఇందులో ఎక్కడా లేదు. చేసుకుంటే చెప్పమని ఉంది. చెబితే పింఛను ఆగిపోద్ది."

"ఆగిపోతే?"

"ఆగిపోద్ది. అంతే."

"తిన్నది కక్కాల్నా?"

"పెళ్లి కాకముందు తీసుకున్నది మీదే కదండి. ఎందుకు కక్కాలి?"

"జైలో?"

డాక్టరు ఆశ్చర్యపోయింది. "జైలు ఎందుకమ్మా? చేసుకుని చేసుకోలేదని వేలు వేస్తే అది అబద్ధం, అది తప్పు. చేసుకోవటం తప్పెట్లా అవుద్ది?"

"లస్కరు నౌకరి పోదా?"

"లస్కరెవరు?" అంది డాక్టరు. తరువాత అర్థమై చిన్నగా నవ్వింది. "ఆయన నౌకరికీ దీనికీ సంబంధం లేదండి."

"అంతేనా?"

"అంతే."

గౌరీబాయి పక్కనే ఉన్న దాణా బస్తా మీద కూర్చుంది. సర్కారు తనను కట్టేసిందనుకుంది. సర్కారుకు తన మీద అంత పట్టింపే లేదు. ఉంటే ఇస్తుంది, పోతే మానేస్తుంది. అది అన్యాయం అవునో కాదో ఆలోచించడానికి తరువాత తీరిక దొరుకుతుంది. ఇప్పుడు మాత్రం ఊపిరి గుండె అడుగుదాకా వెళ్లి వస్తున్నది. ఆమె నవ్వింది. సిరా వేలిని దూరంగా పట్టుకునే నవ్వింది. ఏమిటో తెలియకుండానే మేకలామె కూడా నవ్వింది.

సేవ్యా నవ్వలేదు. వంగి, ఆమెకు మాత్రమే వినిపించేలా, "పెన్షన్ బంద్ అయితే ఎట్ల బతుకుతవ్?" అన్నాడు.

"నాట్లేస్త. కోతలు కోస్త. ఇప్పుడు కోసి రాలేదా?"

"నలుగురు ఏమంటరు యాడీ?"

"అనేటోళ్లు తండాల లేరు బేటా. నువ్వొక్కనివే ఉన్నవ్." ఆమె గొంతులో కోపం లేదు. "జైలు అని నాకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

సేవ్యా పెన్నుకు మూత పెట్టాడు, ముద్రల డబ్బా మూశాడు, రెండూ జేబులో వేసుకుని మోటరు సైకిలు వైపు నడిచాడు. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

డాక్టరు స్పిరిటులో దూది ముంచి ఇచ్చింది. గౌరీబాయి వేలిని తుడుచుకుంది. చల్లగా ఉంది. రెండో దూది అడిగి, గోటి అంచులు కూడా తుడుచుకుంది. "ఈ కాయితం నేను తీస్కపోవచ్చా అమ్మా?"

"తీసుకుపోండి. నింపనిదే కదా."

*

హర్యా నాయక్ కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. ఆయనకూ చదవటం రాదు. కాని వేలిముద్ర ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు. కిందివైపు కుడి మూల గీతను ఆయన తన చూపుడు వేలితో తడిమాడు.

"ముద్ర లేదు."

"లేదు కాకా. ఈ ఏడు ఏయలేదు. ఏయకపోతే వాళ్లు ఇయ్యరు. ఇయ్యకపోతే ఇగ వాళ్లు నాకెవలు, నేను వాళ్లకెవల్ని? చేసుకుంటే చెప్పమని సర్కారే రాసింది. డాక్టరమ్మ సదివింది."

ఆయన కాగితాన్ని తిప్పి వెనక కూడా చూశాడు. వెనకా ఖాళీగానే ఉంది. బీడీ ఆర్పాడు, చెవి మీద పెట్టుకున్నాడు. ఈసారి మళ్లీ తీయలేదు. "గీ ముక్క ఆరేండ్ల కింద చెప్పేటోడు లేకపాయె," అన్నాడు. "కోదాడకు కబురు పెట్టున్రి."

*

జనవరి చివర, కాలువ నీటి వంతు మారిన రోజున, సేవ్యా అనంతగిరి వచ్చాడు. లస్కరు క్వార్టరు రెండు గదులు, ముందు రేకుల పంచ. గౌరీబాయి పంచలో జొన్నరొట్టె తడుతున్నది. అతను బండి స్టాండు వేసి, గాలికి చెదిరిన జుట్టును చేత్తో సవరించుకుంటూ, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"కడుక్కో కాళ్లు," అంది ఆమె.

గేమ్యా తూము మీదికి వెళ్లాడు. సేవ్యా రెండు రొట్టెలు తిన్నాడు. మూడో రొట్టె వేస్తుంటే అతను తల ఎత్తకుండా చెప్పాడు. "ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నీ బతికున్న కాయితం అందలే గద. సచ్చిపోయినట్టయితే ఏ రోజు సచ్చిందో వారసులు వచ్చి రాసియ్యమన్నరు."

గౌరీబాయి పెనం మీది రొట్టెను తిప్పింది. "రాసిచ్చినవా?"

"రాద్దామనే పోయిన. గట్ల రాస్తే నలుగురికి జవాబు చెప్పే పని ఉండదు. లక్ష్మయ్య సారు పెన్ను గూడ ఇచ్చిండు." సేవ్యా రొట్టె ముక్కను పప్పులో ముంచి, తినకుండా పట్టుకున్నాడు. "నా చెయ్యి రాలే యాడీ. ఒక్క యాడిని ఎనుకటనే కాలబెట్టిన. ఇంకొక్కసారి, కాయితం మీదనైనా… పెండ్లైంది సారూ అన్న. అందరు విన్నరు. మూలకున్నోడు నవ్విండు గూడ."

"నువ్వేమన్నవ్?"

"మా యాడి పెండ్లి, నీకేం రోగం అన్న."

ఆమె అతని ముఖం వైపు చూసి, వెంటనే పొయ్యి వైపు తిరిగి కట్టె ఎగదోసింది. కట్టె బాగానే మండుతున్నది.

తిన్న తరువాత సేవ్యా చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. కచేరీకి తెలియజేసే ఉత్తరం. లక్ష్మయ్య ముసాయిదా చెబితే తానే రాశాడట. ముద్రల డబ్బా కూడా తెచ్చాడు. మూత తీసి, అలవాటు ప్రకారం ఆమె చేతి కోసం చేయి చాపి, ఆగిపోయాడు.

"సదువు ముందుగాల," అంది గౌరీబాయి.

అతను చదివాడు. రైతులకు మందు సీసా మీది సూచనలు చదివి చెప్పే గొంతుతో, మాట మాటకూ ఆగి చదివాడు. "'…మాజీ శాసనసభ్యులు కీర్తిశేషులు హన్మా గారి భార్యనైన నేను, తేదీ ఇరవై ఆరు పదకొండు తొంభై మూడున కాలువ లస్కరు గేమ్యాను తిరిగి వివాహము చేసుకున్నానని తెలియజేయుచున్నాను.'"

ఆమె వేలు చాపింది. సిరా డబ్బాకు అంగుళం దూరంలో ఆపింది.

"సరిగ్గ లేదా?" అన్నాడు సేవ్యా.

"సరిగ్గనే ఉంది," అంది గౌరీబాయి. "మల్లొక్కపారి సదువు."